తెలుగు విభక్తులతో జపాన్ రైలెక్కడం ఎలా?

‘డు ము వు లు ప్రథమా విభక్తి, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి’ అని బడిలో రాగం తీస్తూ వల్లించిన రోజులు గుర్తున్నాయా? ఆ వరస ఎందుకో తెలియక విసుక్కున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అది నాకు పనికొచ్చిన చోటు టోక్యో. జపనీస్ నేర్చుకోవడానికి నేను మొదట కొన్న పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అందులో ‘ని’ అనే ఒక్క ముక్కకు ఎట్, ఇన్, ఆన్, టు, ఫర్ అని ఐదు అర్థాలు రాసి, ఒక్కోదానికి ఒక్కో పట్టిక వేశారు. నెల రోజులు ఆ పట్టికలతో కుస్తీ పట్టాను. ఒక రాత్రి విసుగొచ్చి పుస్తకం మూసేసి, అవే వాక్యాలను తెలుగులో అనుకుని చూశాను. చాలావాటిలో ఆ ‘ని’ ఉన్న చోట మన ‘కి’, ‘కు’ కూర్చుని ఉన్నాయి.

అందుకే నా సలహా ఒక్కటే. ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళకండి, తెలుగు నుంచి నేరుగా దిగండి. దారి చాలా వరకు సాఫీగా ఉంటుంది. నాలుగైదు చోట్ల గోతులున్నాయి, అవి ఎక్కడెక్కడో చెబుతూ వెళ్తాను.

బయలుదేరే ముందు

జపనీస్ వాక్యం తెలుగు వాక్యంలాగే నడుస్తుంది. క్రియ చివర వస్తుంది. ప్రతి నామవాచకం వెనకాల ఒక చిన్న ముక్క చేరి, ఆ మాట వాక్యంలో ఏ పని మీద వచ్చిందో చెబుతుంది. ఈ ముక్కలను అక్కడి వ్యాకరణంలో ‘జొషి’ అంటారు, సాయపడే మాట అని అర్థం. వీటికే ‘తెనిఒహ’ అని పాత పేరు ఒకటుంది. పూర్వం చైనా గ్రంథాలను జపనీస్‌లో చదువుకోవడానికి పండితులు ఒక్కో అక్షరం మూలల్లో చుక్కలు పెట్టుకునేవారు. నాలుగు మూలల చుక్కలను వరసగా చదివితే తె, ని, ఒ, హ అని వచ్చేది. ఎవరి మాటైనా పొందిక లేకుండా ఉంటే ఇప్పటికీ ‘తెనిఒహ కుదరలేదు’ అంటారు, మనం తలా తోకా లేదన్నట్టు.

ఉచ్చారణకు తెలుగు లిపి చక్కగా సరిపోతుంది. ఎ, ఏల తేడా, ఒ, ఓల తేడా అక్కడా ఉంది. కాబట్టి ‘దె’ అని ఉన్నచోట ‘దే’ అని సాగదీయకండి. ‘త’ను ‘ట’గా మార్చకండి. మనం టోక్యో అంటాం గానీ వాళ్ళు తోక్యో అంటారు. క్రియల చివర వచ్చే ‘మసు’, ‘దెసు’లలో ఆఖరి ఉకారం దాదాపు వినిపించదు, అందుకే ఇక్కడ ‘మస్’, ‘దెస్’ అని రాస్తున్నాను. ఇంకొక చిక్కు. మూడు ప్రత్యయాలు రాసేది ఒకలా, పలికేది ఒకలా ఉంటాయి. ‘హ’ అక్షరం ప్రత్యయంగా వస్తే ‘వ’ అని, ‘హె’ అక్షరం ‘ఎ’ అని, ‘వొ’ అక్షరం ‘ఒ’ అని చదవాలి. లిపి నేర్చుకునేటప్పుడు ఇది తెలియకపోతే మొదటి పేజీలోనే తికమక పడతారు.

మొదటి అడుగు: ‘కి’, ‘కు’ ఉన్నచోట ‘ని’ పెట్టండి

ఇది సులువైన భాగం. ఈ వాక్యాలు చూడండి.

క్యోతొ ని ఇకిమస్. క్యోటోకి వెళ్తాను.
రొకుజి ని ఒకిమస్. ఆరింటికి లేస్తాను.
హహ ని దెన్వ షిమస్. అమ్మకి ఫోను చేస్తాను.
ఇచినిచి ని సంకై. రోజుకు మూడుసార్లు.
సకుర ఒ మి ని ఇకిమస్. చెర్రీ పూలు చూడడానికి వెళ్తాను.

చివరి రెండు వాక్యాలను ఇంగ్లీషు పుస్తకాలు వేరే వేరే పాఠాల్లో పెడతాయి. మనకు ఆ అవసరం లేదు. ‘రోజు-కు’లో కు, ‘చూడడాని-కి’లో కి. ఏ పని కోసం వెళ్తున్నారో ఆ క్రియకు చివరి ‘మస్’ తీసేసి ‘ని’ చేర్చండి, అంతే. తబెమస్ అంటే తింటాను, తబె ని ఇకిమస్ అంటే తినడానికి వెళ్తాను.

వెళ్ళడం, రావడం, తిరిగి చేరడం, ఈ మూడింటికీ ‘ని’ బదులు ‘ఎ’ కూడా వాడవచ్చు. ‘ఎ’ దిక్కును చెబుతుంది, ‘వైపు’ అన్నట్టు. మొదట్లో రెండూ పెట్టుకుని ఆలోచిస్తూ నిలబడిపోకండి, ‘ని’తో పని కానివ్వండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. గడియారం, క్యాలెండరు చెప్పే సమయాలకు ‘ని’ కావాలి. మనం ‘సోమవారం వెళ్తాను’ అని ఊరుకుంటాం, వాళ్ళు ‘గెత్సుయోబి ని’ అంటారు. ఈరోజు, రేపు, రోజూ లాంటి మాటలకు మాత్రం మనలాగే ఏమీ పెట్టరు. క్యో, అషిత, మైనిచి, వీటిని వట్టిగానే వదిలేయండి.

రెండోది కాస్త తమాషాగా ఉంటుంది. జపనీస్ ‘ని’ వినగానే మన చెవికి తెలుగు ‘ని’ గుర్తొస్తుంది, ‘రాముణ్ణి పిలిచాను’లో ఉండే ని. రెండింటికీ చుట్టరికం లేదు. కొన్ని చోట్ల మాత్రం యాదృచ్ఛికంగా కలిసిపోతాయి. కలవడం అనే క్రియకు జపనీస్‌లో ‘ని’ పెట్టాలి. తొమొదచి ని ఐమస్, స్నేహితుణ్ణి కలుస్తాను. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవాళ్ళు ఇక్కడ ‘ఒ’ పెట్టి తప్పు చేస్తుంటారు. మనకు చెవిలోనే జవాబు ఉంది.

రెండో అడుగు: ‘లో’ వచ్చినప్పుడు ఆగండి

తెలుగువాళ్ళు పడే పెద్ద గొయ్యి ఇదే. మన ‘లో’కి జపనీస్‌లో రెండు ద్వారాలున్నాయి, ‘ని’ ఒకటి, ‘దె’ ఒకటి. తప్పు ద్వారంలోంచి వెళితే అర్థమైతే అవుతుంది గానీ, వినేవాళ్ళ కనుబొమ్మలు ముడిపడతాయి.

టోక్యోలో నిషి కసై అనే పేట ఉంది. ఎదొగావా వార్డులో, తోజై సబ్‌వే లైను మీద. భారతీయులు ఎక్కువగా ఉండే చోటు, తెలుగు మాటలు కూడా వినిపిస్తాయి. అక్కడ కాపురం ఉండేవారు తమ గురించి చెప్పుకోవాలంటే రెండు వాక్యాలు కావాలి.

నిషి కసై ని సుందె ఇమస్. నిషి కసైలో ఉంటున్నాను.
తోక్యో దె హతరైతె ఇమస్. టోక్యోలో పనిచేస్తున్నాను.

తెలుగులో రెండూ ‘లో’నే. జపనీస్‌లో ఉండడానికి ‘ని’, పని చేయడానికి ‘దె’. సూత్రం ఇది. ఒక మనిషి గానీ వస్తువు గానీ ఒకచోట ఉందని, చేరిందని, కుదురుకుందని చెబుతుంటే ‘ని’. ఆ చోటు మీరు చేసే పనికి వేదిక మాత్రమే అయితే ‘దె’.

సూత్రం మాట్లాడేటప్పుడు గుర్తురాదు కాబట్టి నేను ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఆ క్రియ పూర్తయ్యాక ‘కాబట్టి ఇప్పుడు అందులో ఉన్నాను’ అని చేర్చి చూడండి. కుర్చీలో కూర్చున్నాను, కాబట్టి ఇప్పుడు కుర్చీలో ఉన్నాను. సరిపోయింది, ‘ని’ పెట్టండి: ఇసు ని సువరిమస్. హోటల్లో దిగాను, కాబట్టి హోటల్లో ఉన్నాను. ఇదీ ‘ని’నే: హొతెరు ని తొమరిమస్. హోటల్లో భోజనం చేశాను, కాబట్టి హోటల్లో ఉన్నాను? భోజనానికీ అక్కడే ఉండిపోవడానికీ సంబంధం లేదు. ఇది ‘దె’: హొతెరు దె గొహన్ ఒ తబెమస్. (‘గొహన్’ అంటే వండిన అన్నం, భోజనం కూడా. ‘అన్నం తిన్నారా’ అని అడిగే మనకు దీన్ని వివరించనక్కర్లేదు.)

నారా నగరంలోని పార్కులో జింకలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. వాటికి పెట్టడానికి ప్రత్యేకమైన బిస్కట్లు అక్కడే అమ్ముతారు. ఆ ఒక్క పార్కు చాలు, ఈ పాఠమంతా చెప్పుకోవడానికి.

నర కోఎన్ ని షిక గ ఇమస్. నారా పార్కులో జింకలున్నాయి.
నర కోఎన్ దె షషిన్ ఒ తొరిమస్. నారా పార్కులో ఫొటోలు తీస్తాను.
షిక ని సెంబే ఒ అగెమస్. జింకకి బిస్కట్ పెడతాను.

మూడో వాక్యంలో మళ్ళీ మన ‘కి’ వచ్చింది చూడండి. బిస్కట్ చూపించాక ఆ జింకలు మిమ్మల్ని చుట్టుముట్టడం ఏ ప్రత్యయంతోనూ ఆగదు.

ఒక మెలిక ఉంది. ‘రేపు క్యోటోలో ఉత్సవం ఉంది’ అంటాం. ‘ఉంది’ కదా అని ‘ని’ పెట్టకండి. అక్కడ ‘ఉంది’ని ‘జరుగుతుంది’గా మార్చగలిగితే అది సంఘటన, వస్తువు కాదు. అప్పుడు ‘దె’ వస్తుంది. జూలైలో జరిగే గియోన్ ఉత్సవం గురించి చెప్పాలంటే: గిఒన్ మత్సురి వ క్యోతొ దె అరిమస్.

ఇక ‘పైన’, ‘పక్కన’ లాంటి మాటల చివర ‘న’ ఉంటుంది. సప్తమీ విభక్తిలో ‘అందున్, నన్’ అని చదువుకున్నది అదే. ఏదైనా ఉన్న చోటు చెప్పేటప్పుడు ఆ ‘న’ బదులు ‘ని’ పెట్టండి. ఉఎ ని అంటే పైన, తొనరి ని అంటే పక్కన, నక ని అంటే లోపల.

మూడో అడుగు: ‘తో’కి తోపాటు పరీక్ష

మొదటి తరగతుల్లో నేను చెప్పిన ఒక వాక్యానికి గది అంతా నవ్వింది. ‘నేను పుల్లలతో తింటాను’ అనబోయి ‘హషి తొ తబెమస్’ అన్నాను. హషి అంటే తినే పుల్లలు. ‘తొ’ మన ‘తో’లాగే వినిపించింది, నమ్మేశాను. నా వాక్యానికి అర్థం ఏమిటంటే, పుల్లలూ నేనూ పక్కపక్కన కూర్చుని కలిసి భోంచేస్తాం.

జపనీస్ ‘తొ’, తెలుగు ‘తో’ ధ్వనిలో దగ్గర, అర్థంలో సగం దగ్గర. మనిషితో కలిసి చేసే పనికి ‘తొ’ సరిపోతుంది: తొమొదచి తొ ఇకిమస్, స్నేహితుడితో వెళ్తాను. పనిముట్టుకు మాత్రం ‘దె’ కావాలి: హషి దె తబెమస్. కాబట్టి ‘తో’ అనబోయే ముందు దాన్ని ‘తోపాటు’గా మార్చి చూడండి. స్నేహితుడితోపాటు వెళ్తాను, కుదిరింది. పుల్లలతోపాటు తింటాను, కుదరలేదు. కుదరకపోతే ‘దె’.

తృతీయా విభక్తిని తలచుకున్నా దారి దొరుకుతుంది. ‘చేతన్ చేన్ తోడన్ తోన్’ అని వల్లించాం కదా. తోడు ఉన్నచోట ‘తొ’, చేత ఉన్నచోట ‘దె’. చేత్తో తినడం కూడా ‘దె’నే: తె దె తబెమస్. సూషీని చేత్తో తినడం అక్కడ తప్పు కాదు, ఈ వాక్యం ధైర్యంగా వాడుకోవచ్చు.

ఈ పనిముట్టు ‘దె’ ప్రయాణంలో అడుగడుగునా వస్తుంది. మనం రైల్లో వెళ్తాం, బస్సు మీద వెళ్తాం, కారులో వెళ్తాం. వాళ్ళకు అన్నీ సాధనాలే: దెన్ష దె, బసు దె, కురుమ దె. 2001లో వచ్చిన సుయికా కార్డు తెలిసే ఉంటుంది, స్టేషన్ గేటు దగ్గర తాకించి లోపలికి వెళ్ళే కార్డు. దుకాణంలో డబ్బు కట్టేటప్పుడు ‘సుఇక దె ఒనెగైషిమస్’ అంటే చాలు. భాష కూడా సాధనమే: నిహొంగొ దె, జపనీస్‌లో. ‘మొత్తం కలిపి ఎంత’ అనడానికి జెంబు దె ఇకుర దెస్ క. ఒంటరిగా వెళ్తున్నారా, హితొరి దె. ఇద్దరూ కలిసా, ఫుతరి దె.

రెండు వస్తువులు అడగాలంటే మధ్యలో ‘తొ’ పెట్టండి. కోహీ తొ పన్ ఒ కుదసై, కాఫీ, బ్రెడ్డు ఇవ్వండి.

నాలుగో అడుగు: తెలుగు మౌనంగా ఉన్నచోట మీరు మాట్లాడాలి

తెలుగులో ప్రాణం లేని వస్తువుకు విభక్తి లేకపోయినా వాక్యం నిలబడుతుంది. టికెట్ కొన్నాను, నీళ్ళు తాగాను, రైలు దిగాను. ఆ అలవాటుతో మనం జపనీస్‌లో ‘ఒ’ను మింగేస్తాం. వాళ్ళు కూడా మాటల్లో మింగుతారు, నిజమే. కానీ ఎక్కడ మింగవచ్చో తెలిసి మింగడం వేరు, తెలియక వదిలేయడం వేరు. మొదటి ఏడాది ప్రతిచోటా పలకండి. కిప్పు ఒ కైమస్, టికెట్ కొంటాను. మిజు ఒ నొమిమస్, నీళ్ళు తాగుతాను. మాత్రలు వేసుకోవడానికి కూడా ఇదే ‘నొమిమస్’ వాడతారు: కుసురి ఒ నొమిమస్.

అసలు చిక్కు ఎక్కడం, దిగడం దగ్గర వస్తుంది. తెలుగులో రైలెక్కుతాం, రైలు దిగుతాం, రెండు చోట్లా రైలు వట్టిగానే ఉంది. జపనీస్‌లో రెండింటికీ వేరు వేరు ప్రత్యయాలు.

దెన్ష ని నొరిమస్. రైలెక్కుతాను.
దెన్ష ఒ ఒరిమస్. రైలు దిగుతాను.

ఎక్కితే రైల్లో ఉంటారు, మన ‘కాబట్టి ఉన్నాను’ పరీక్ష ప్రకారం ‘ని’. దిగితే దాన్ని వదిలేస్తారు, విడిచిపెట్టిన చోటుకు ‘ఒ’. ఇల్లు వదిలి బయలుదేరడమూ అంతే: ఇఎ ఒ దెమస్. ‘ఇంటి నుంచి’ అని తెలుగు మనసు లాగుతుంది, లొంగకండి. ఈ క్రియలను ఒంటరిగా ఎప్పుడూ బట్టీ పట్టకండి. ‘ని నొరిమస్’, ‘ఒ ఒరిమస్’ అని ముక్కతో సహా నాలుకకు ఎక్కించండి. రైలు మారడం కూడా ఎక్కడం కిందే లెక్క. టోక్యో నడిబొడ్డును 30 స్టేషన్లతో చుట్టి వచ్చే యామానోటె లైనుకు మారాలంటే: షింజుకు దె యమనొతె-సెన్ ని నొరికఎమస్. షింజుకు మారే వేదిక, అందుకని ‘దె’. యామానోటె మీరు చేరే బండి, అందుకని ‘ని’. ఈ ఒక్క వాక్యం తడబడకుండా చెప్పగలిగితే రెండో అడుగు మీకు వచ్చేసినట్టే.

‘ఒ’కు ఇంకొక గుణం ఉంది, దాన్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మీరు దాటే, నడిచే, మలుపు తిరిగే చోటు కూడా ‘ఒ’నే తీసుకుంటుంది. హషి ఒ వతరిమస్, వంతెన దాటుతాను. (ఈ హషి వంతెన, పుల్లలు కాదు. స్వరం తేడాతో పలుకుతారు.) కోఎన్ ఒ సంపొ షిమస్, పార్కులో షికారు చేస్తాను. మనం ‘పార్కులో’ అంటాం కాబట్టి ‘దె’ పెట్టబుద్ధవుతుంది. ఆ చివర నుంచి ఈ చివరకు పార్కునంతా కాళ్ళతో కొలుస్తున్నట్టు ఊహించుకుంటే ‘ఒ’ సహజంగా వస్తుంది. దారి చెప్పేవాళ్ళు ‘త్సుగి నొ కదొ ఒ మిగి ని’ అంటారు. తర్వాతి మలుపులో కుడికి. మలుపుకు ‘ఒ’, కుడికి ‘ని’.

ఎదురుచూడడానికీ ‘ఒ’నే. మనం స్నేహితుడి కోసం ఎదురుచూస్తాం, వాళ్ళు తొమొదచి ఒ మచిమస్.

తెలుగు మౌనంగా ఉండే మరో చోటు రెండు నామవాచకాల మధ్య. ‘జపాన్ రైలు’, ‘స్టేషన్ ముందు’ అంటాం, ‘యొక్క’ను పాఠ్యపుస్తకాలకు వదిలేశాం. జపనీస్‌లో అక్కడ ‘నొ’ తప్పదు: నిహొన్ నొ దెన్ష, ఎకి నొ మఎ. హోటల్ స్టేషన్ ముందు ఉందంటే: హొతెరు వ ఎకి నొ మఎ ని అరిమస్. తెలుగులో ఒక్క ప్రత్యయమూ లేని ఈ వాక్యానికి జపనీస్‌లో మూడు వచ్చాయి.

ఐదో అడుగు: నుంచి, వరకు, లోగా

ఇది చిటికెలో అయిపోతుంది. ‘నుంచి’ అంటే ‘కర’, ‘వరకు’ అంటే ‘మదె’. 1964 అక్టోబరు 1న టోక్యో, షిన్ ఒసాకాల మధ్య మొదటి షింకన్సెన్ (బుల్లెట్ రైలు) పరుగెత్తినప్పుడు ఆ దూరానికి నాలుగు గంటలు పట్టేది. ఇప్పుడు అదే దారిలో క్యోటో దాకా:

తోక్యో కర క్యోతొ మదె షింకన్సెన్ దె నిజికన్ జూగొఫున్ గురై కకరిమస్.
టోక్యో నుంచి క్యోటో వరకు షింకన్సెన్‌లో సుమారు రెండు గంటల పదిహేను నిమిషాలు పడుతుంది.

మాటకు మాట వరస మారలేదు. ‘గురై’ అంటే సుమారు, అది మాత్రమే అంకె తర్వాత వచ్చింది. మనం ‘రెండు గంటల పైచిలుకు’ అన్నప్పుడు కూడా అలాగే కదా. టికెట్ కౌంటరు దగ్గర ఇంత వాక్యం అక్కర్లేదు, ‘క్యోతొ మదె, ఇచిమై ఒనెగైషిమస్’ అంటే క్యోటో వరకు ఒక టికెట్ ఇవ్వండి అని. టాక్సీలోనూ ఊరి పేరుకు ‘మదె ఒనెగైషిమస్’ చేరిస్తే బండి కదులుతుంది.

‘మదె’కు ‘ని’ తగిలిస్తే గడువు అవుతుంది. జూజి మదె అంటే పదింటి వరకు, జూజి మదె ని అంటే పదింటిలోగా. హోటల్లో గది ఖాళీ చేసే వేళ చెప్పినప్పుడు చివర ఆ ‘ని’ ఉందో లేదో చెవి పెట్టి వినండి.

ఆరో అడుగు: ‘వ’, ‘గ’, పొయ్యి మీద చేపల చారు

వీటి గురించి పండితులు పుస్తకాలకు పుస్తకాలు రాశారు. ప్రయాణానికి సరిపడేంత మాత్రం చెబుతాను.

‘వ’ ఒక విషయాన్ని ఎత్తుకుంటుంది, ‘సంగతికొస్తే’ అన్నట్టు. కొన్నిచోట్ల మన ‘అయితే’, ‘మాత్రం’ పని చేస్తుంది. శాకాహారులకు ఇది ప్రాణావసరం.

నికు తొ సకన వ తబెమసెన్. తమగొ వ తబెమస్.
మాంసం, చేపలు తినను. గుడ్డు మాత్రం తింటాను.

ఇక్కడ ‘ఒ’ స్థానంలో ‘వ’ వచ్చి కూర్చుంది, తేడా చూపించడానికి. అయితే ఇంతటితో భోజనం సురక్షితం కాదు. జపాన్ వంటల్లో ‘దషి’ అనే చారు ఉంటుంది, ఎండబెట్టిన చేప తురుముతో, సముద్రపు నాచుతో కాస్తారు. మిసో సూపులో, సోబా నూడుల్స్ రసంలో కంటికి కనిపించకుండా కలిసిపోతుంది. అందుకే ఇంకొక వాక్యం జేబులో ఉంచుకోండి: సకన నొ దషి మొ దమె దెస్, చేపల చారు కూడా పనికిరాదు. ‘మొ’ అంటే కూడా. అడిగి తెలుసుకోవాలంటే: కొరె ని నికు గ హైత్తె ఇమస్ క, దీనిలో మాంసం ఉందా?

‘గ’ కొత్త సంగతిని ముందుకు తెస్తుంది, లేదా ఫలానాదే అని వేలు పెట్టి చూపిస్తుంది. తెలుగులో ఆ పనికి ఏకారం ఉంది. ఎవరు వెళ్తారంటే ‘నేనే’ అంటాం, వతషి గ. ఎవరు, ఏది అనే ప్రశ్న కర్తగా వస్తే ఎప్పుడూ ‘గ’నే: దరె గ, దొరె గ. అక్కడ ‘వ’ పొరపాటున కూడా పెట్టకండి.

మొదటి అడుగులో ‘కి’ అంటే ‘ని’ అన్నాను. ఒక్క ‘నాకు’ మాత్రం ఆ లెక్కలోకి రాదు. నాకు ఇష్టం, నాకు అర్థమవుతుంది, నాకు తలనొప్పి, ఇలాంటి వాక్యాల్లో ‘నాకు’ను ‘వతషి వ’ చేయండి, లేదా పూర్తిగా వదిలేయండి. ఇష్టమైన వస్తువుకు, అర్థమయ్యే భాషకు, నొప్పి పుట్టే తలకు ‘గ’ పెట్టండి.

సుషి గ సుకి దెస్. నాకు సూషీ ఇష్టం.
నిహొంగొ గ వకరిమస్. నాకు జపనీస్ అర్థమవుతుంది.
అతమ గ ఇతై దెస్. నాకు తలనొప్పిగా ఉంది.

తెలుగులో సూషీ, జపనీస్ ప్రథమా విభక్తిలోనే ఉన్నాయి, ‘సూషీని ఇష్టం’ అనం కదా. అలా చూస్తే రెండు భాషల ఎముకల గూడు ఒక్కటే.

ఏడో అడుగు: చిల్లర

ప్రశ్నకు చివర ‘క’: ఇకిమస్ క, వెళ్తారా? ‘కదా’కు ‘నె’. ‘అని’కి మళ్ళీ ‘తొ’. ఈ ‘అని’ ఉన్న భాష మనది కావడం అదృష్టం, ఇంగ్లీషువాళ్ళకు దీన్ని అందుకోవడానికి వారాలు పడుతుంది. కొరె వ నిహొంగొ దె నన్ తొ ఇఇమస్ క, దీన్ని జపనీస్‌లో ఏమని అంటారు? నన్ తొ, ఏమి-అని. ఏ దుకాణంలోనైనా వస్తువు చూపించి ఈ వాక్యం అడగండి, పాఠం ఉచితంగా దొరుకుతుంది.

‘మొ’ గురించి ఒక ముక్క మిగిలింది. ప్రశ్నార్థకానికి ‘మొ’ చేర్చి క్రియను వ్యతిరేకంలో పెడితే, తెలుగు దీర్ఘం చేసే పని అది చేస్తుంది. నని మొ అంటే ఏమీ, దరె మొ అంటే ఎవరూ, దొకొ ఎ మొ అంటే ఎక్కడికీ. ఎక్కడ-కి-ఈ, దొకొ-ఎ-మొ. ఈ వరస మొదటిసారి కనిపించిన రోజు నేను దొకొ ఎ మొ ఇకిమసెన్, ఎక్కడికీ వెళ్ళకుండా గదిలోనే కూర్చుని ఇలాంటివి ఇంకా ఏమున్నాయో వెతికాను.

సాధన: నిషి కసై నుంచి క్యోటోలోని గియోన్ పేట దాకా

జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష 2010 నుంచి ఐదు స్థాయిల్లో జరుగుతోంది. అన్నిటికంటే కింది మెట్టు ఎన్5లో ఖాళీలు పూరించమని అడిగేవాటిలో ఈ ముక్కలు తప్పకుండా ఉంటాయి. దానికి తయారవడానికైనా, ప్రయాణానికైనా సాధన ఒకటే. రాత్రి పడుకునే ముందు మీ రోజును ఐదారు తెలుగు వాక్యాల్లో రాయండి. విభక్తుల కింద గీత గీయండి. విభక్తి లేని నామవాచకం చుట్టూ సున్నా చుట్టండి, నాలుగో అడుగు గొయ్యి అక్కడే ఉంటుంది. తర్వాత ఒక్కో ముక్క మార్చండి. ఒక రోజు ప్రయాణం ఇలా ఉంటుంది.

షిచిజి ని ఇఎ ఒ దెమస్. ఏడింటికి ఇంటి నుంచి బయలుదేరుతాను.
నిషి కసై దె దెన్ష ని నొరిమస్. నిషి కసైలో రైలెక్కుతాను.
ఓతెమచి దె దెన్ష ఒ ఒరిమస్. ఓతెమచిలో రైలు దిగుతాను.
తోక్యో ఎకి మదె అరుకిమస్. టోక్యో స్టేషన్ వరకు నడుస్తాను.
షింకన్సెన్ దె క్యోతొ ని ఇకిమస్. షింకన్సెన్‌లో క్యోటోకి వెళ్తాను.
తొమొదచి తొ షిజో ఓహషి ఒ వతరిమస్. స్నేహితుడితో షిజో వంతెన దాటుతాను.
గిఒన్ దె గొహన్ ఒ తబెమస్. గియోన్‌లో భోజనం చేస్తాను.

కుడివైపు తెలుగును కాగితంతో మూసి ఒకసారి, ఎడమవైపు జపనీస్‌ను మూసి ఒకసారి చదవండి. తర్వాత మీ ఊరి పేర్లు పెట్టుకోండి. సికింద్రాబాద్ దె దెన్ష ని నొరిమస్ అన్నా, విజయవాడ దె దెన్ష ఒ ఒరిమస్ అన్నా వ్యాకరణానికి ఏ అభ్యంతరమూ లేదు.

స్టేషన్లో నిలబడ్డప్పుడు చెవులను ఖాళీగా ఉంచకండి. రైలు వస్తోందని చెప్పే ప్రకటనలో ‘ఇచిబన్-సెన్ ని’ అని వినిపిస్తే ఒకటో ప్లాట్‌ఫారానికి. లోపల ‘త్సుగి వ’ అంటే తర్వాతి స్టేషన్ సంగతి, ఆపైన ఊరి పేరు వస్తుంది. ‘ఒదెగుచి వ మిగిగవ దెస్’ అంటే దిగే తలుపు కుడివైపు. బండి కదిలే ముందు ‘దొఅ గ షిమరిమస్’ అంటారు, తలుపులు మూసుకుంటున్నాయి. తలుపును మనిషి మూస్తే ‘దొఅ ఒ షిమెమస్’, అదే మూసుకుంటే ‘దొఅ గ షిమరిమస్’. మూయడానికీ మూసుకోవడానికీ ఉన్న తేడానే. అది విని ముచ్చటపడుతూ ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఒకసారి నేను రైలు అందుకోలేకపోయాను. యామానోటె లైనులో అదేమంత నష్టం కాదు, ఇంకొకటి నిమిషాల్లో వచ్చింది.